అరవై ఒక్క వెదురు గొట్టాలు

ఆయుధపూజ నాడు మా అమ్మ చేసిన ఘనకార్యం వల్లే మా నాయన గుట్టు బయటపడింది. అలాగని అమ్మను తప్పుపట్టడానికి లేదు. "ఈసారి నువ్వు కూడా రాయే కొండమ్మా, వొచ్చే ఏడు పూజకి అది ఉంటాదో లేదో" అని గంధం గిన్నె చేతికిచ్చి ఆవిణ్ణి హాలుకి తీసుకొచ్చింది నాయనే. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో అమ్మ అక్కడ అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఎప్పుడు రమ్మన్నా "అది నా సవితి, దాని మొహం నేను సూడను" అనేది.

హాలంటే పెలికాన్ థియేటర్. ఈ దీవి నగరంలో, తంజోంగ్ పగార్ పేటలో నేను పనిచేసే ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచి ఆరు నిమిషాల నడక. ఒకప్పుడు అందులో సినిమాలు ఆడేవి. తర్వాత బట్టల సేల్స్ పెట్టారు, తర్వాత కొన్నాళ్ళు ఒక చర్చి వాళ్ళు అద్దెకు తీసుకున్నారు. ఇప్పుడు సొంతదార్లు మారి రిపేర్లు చేయిస్తున్నారు. తెరకు అటూ ఇటూ గోడల మీద సున్నపు జాలీలు ఉంటాయి. చూసినవాళ్ళు అలంకారమనుకుంటారు. వాటి వెనక రెండు గదులున్నాయి, ఆ గదుల నిండా ఆర్గన్ ఉంది. అమ్మ సవితి అదే.

మాటల్లేని సినిమాల కాలంలో తెర ముందు కూర్చుని సంగీతం వాయించడానికి దాన్ని ఇంగ్లండు నుంచి పెట్టెల్లో పెట్టి ఓడ మీద తెప్పించారు. కింద గుర్రపునాడా ఆకారంలో బల్ల, దానికి రెండు అంతస్తుల మీటలు. మీట నొక్కితే కరెంటు పైగదిలోకి పోయి, అక్కడ చిన్న తోలు తిత్తి ఒదిగి, గాలి గొట్టంలోకి వదులుతుంది. గొట్టాలే కాదు, అందులో డోలుంది, తాళాలున్నాయి, గుర్రపు డెక్కల చప్పుడుకి కొబ్బరి చిప్పలున్నాయి, వాన చప్పుడుకి గింజలు పోసిన పీపా ఉంది. ఈ ఊరివాళ్ళ కోసమని ప్రత్యేకంగా ఒక రిక్షా గంట కూడా పెట్టించారు. ఇంత హంగామా చేసి బిగిస్తే మరుసటి ఏడాదే మాట్లాడే సినిమాలు వచ్చేశాయి. "పెల్లికూతురు ముస్తాబయ్యేసరికి పెల్లికొడుకు ఇంకో పిల్లతో ఎల్లిపోనాడు" అంటాడు నాయన.

యుద్ధంలో ఎవరో ఒక వరుస లోహపు గొట్టాలు పీకి కరిగించుకున్నారు. ఆ తర్వాత, తెలుగువాళ్ళు కూలికి వెళ్ళిన బగాన్ దతో కొబ్బరి తోటల నుంచి వచ్చి ఈ హాల్లో టార్చిలైటుతో సీట్లు చూపించే పనిలో చేరిన మా తాత అప్పలస్వామి ఆ ఖాళీని చూశాడు. ఎవరూ అడక్కుండానే జలసంధికి అవతలున్న జొహోర్ నుంచి వెదురు తెచ్చి, మిగతా గొట్టాలను కొలిచి, ఏడాదిన్నరలో అరవై ఒక్క వెదురు గొట్టాలు చేసి ఆ వరుస నింపాడు. మొదటిది నా భుజం ఎత్తు, ఆఖరిది నా చిటికెన వేలు కన్నా చిన్నది. తాత తర్వాత దాన్ని నాయన చూసుకున్నాడు. బస్సు డిపోలో మెకానిక్ ఉద్యోగం చేస్తూనే వారానికోసారి వెళ్ళేవాడు. రిటైరయ్యాక అదే పని.

కొత్త సొంతదార్ల తరఫున హాలు చూసుకునే మిస్ ఓంగ్ సెప్టెంబరులో మమ్మల్ని పిలిచి విషయం చెప్పింది. మర్యాదస్తురాలు, కాని మాట తిప్పదు. "అంకుల్, నవంబర్ మూడో శనివారం డైరెక్టర్లు వస్తారు. మెల్‌బోర్న్ నుంచి ఒక ఆర్గనిస్టు వస్తారు. ఇరవై నిమిషాల పాత సైలెంట్ సినిమా వేస్తాం, ఆమె వాయిస్తుంది. ఆమె బాగుందంటే ఉంచుతాం. లేదంటే ఆ రెండు గదులూ మాకు కావాలి" అంది. పీకేస్తే ఆ గొట్టాలు ఎక్కడికి పోతాయని అడిగాను. ఇబ్బందిగా కిటికీ వైపు చూసి "స్క్రాప్" అంది.

ఆయుధపూజ జరిగింది ఆ తర్వాత పదిరోజులకి. నాయన బల్లకు బొట్టు పెట్టి, గాలి కొట్టే మోటారు దగ్గర కర్పూరం వెలిగించడానికి కిందికి వెళ్ళాడు. అమ్మ పైగది గుమ్మంలో నిలబడి, చేతికందిన గొట్టాలన్నిటికీ గంధం, కుంకుమ పెట్టింది. గుమ్మానికి దగ్గరగా ఉన్నవి వెదురు వరుసలోని చిన్న గొట్టాలే. సవితి అని తిట్టిన నోటితోనే "పసిపిల్లల్లాగ ఎంత బాగున్నాయే" అని మురిసిపోయింది.

ఆ ఆదివారం పొద్దున శ్రుతి చెయ్యడానికి కూర్చున్నాం. రిపేర్ల వాళ్ళకు ఆదివారం సెలవు కాబట్టి హాలు నిశ్శబ్దంగా ఉంటుంది. ఏసీ ఉండదు, చెమటకి మీటలు జారుతుంటాయి. శ్రుతి చెయ్యడానికి ఇద్దరు కావాలి. కింద ఒకరు మీట నొక్కి పట్టుకోవాలి, పైగదిలో ఒకరు గొట్టాన్ని సవరించాలి. పదేళ్ళ వయసు నుంచి మీటలు నొక్కేది నేనే. ముప్పై ఒక్క ఏళ్ళుగా అంతే. "పైన పలక మీద ఒక్కరికే చోటు, ఆడపిల్లవి, గౌనేసుకుని నిచ్చెనేటి" అని చిన్నప్పుడు నన్ను ఎక్కనివ్వలేదు. మా తమ్ముడు విఘ్నేశ్వరన్‌ను మాత్రం పన్నెండో ఏట పైకి తీసుకెళ్ళాడు. వాడు ఆ దుమ్ముకి మూడు రోజులు తుమ్మి, మళ్ళీ రానన్నాడు. తర్వాతైనా నన్ను పిలుస్తాడనుకున్నాను. పిలవలేదు. గౌను పోయి ప్యాంటు వచ్చినా మాట మారలేదు, నేనూ అడగలేదు. ఆ కోపం నాలో అలాగే ఉండిపోయింది.

రెండు వరుసలు కలిపి నొక్కుతాం. లోహపు గొట్టం ఒకటి, అదే స్వరానికి వెదురు గొట్టం ఒకటి. రెండూ కలవకపోతే మధ్యలో ఒక వణుకు వినిపిస్తుంది. వెదురు గొట్టం మెడకున్న ఇత్తడి పట్టీని కొద్దిగా పైకో కిందికో తడితే ఆ వణుకు నెమ్మదించి ఆగిపోతుంది. అప్పుడు నాయన "బాగుంది, పోదాం" అంటాడు. నేను పక్క మీటకు పోతాను.

మొదట్లో సవ్యంగానే సాగింది. పైచివరకు చేరేసరికి నాకు ఒక్క లోహపు గొట్టమే వినిపించింది. వెదురు పలకడం లేదు. చెబుదామని నోరు తెరిచేంతలో పైనుంచి "బాగుంది, పోదాం" అని వినిపించింది. పక్క మీట నొక్కాను. వెదురు మళ్ళీ పలకలేదు. మళ్ళీ "బాగుంది". వరసగా నాలుగు మూగ గొట్టాలు, నాలుగు సార్లు బాగుంది.

నేను ఆఫీసులో క్లెయిములు చూస్తాను. జనం చెప్పే అబద్ధాలు పట్టుకోవడమే నా ఉద్యోగం. అలవాటుగా వచ్చిన ఆ పాడు తెలివితోనే అప్పుడొక పని చేశాను. ఐదో మీట మీద వేలు పెట్టాను, నొక్కలేదు.

"నొక్కాను నాయనా!"

పైన పలక కిర్రుమంది. తర్వాత "బాగుంది" అన్నాడు. 'పోదాం' అనలేదు.

నాకు ముందు ఒళ్ళు మండింది. ఆరు వారాల్లో పరీక్ష పెట్టుకుని వినపడని చెవులతో ఈ నాటకమేమిటనిపించింది. ఆ వెంటనే, డెబ్భై నాలుగేళ్ళ మనిషిని దొంగను పట్టినట్టు పట్టానని నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ పూటకి తలనొప్పని చెప్పి లేచిపోయాను.

ఆంగ్ మో కియోలో మా ఫ్లాట్‌కి వచ్చేసరికి అమ్మ వంటింట్లో కాంగ్‌కోంగ్ ఆకు తుంపుతోంది. నాయన స్నానానికి వెళ్ళాక గొంతు తగ్గించి అడిగాను.

"అమ్మా, నాయనకి చెవులు..."

"తెలుసు" అంది తలెత్తకుండా. "రెండేళ్ళయి కుక్కర్ కూత ఇనపడ్డంలేదు. నానే లెక్కెట్టి కట్టేయమని సెప్తన్నాను."

"రెండేళ్ళా! నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే నువ్వు క్లినిక్‌కి తోలుకెల్తావు. నీకన్నా ముందే ఎల్లినాడు. మిషనిచ్చినారు. అదెట్టుకుని ఆ గదిలోకెల్తే సెవుల్లో కీచుమంటాదంట, గొట్టం మాట ఏదో మిషన్ మాట ఏదో తెల్దంట. తీసి సొరుగులో పడేసినాడు. మీనాకి సెప్పొద్దు అన్నాడు."

"మరి ఆ చిన్న గొట్టాలెందుకు మూగబోయాయి? పోయిన వారం పలికాయే."

అమ్మ చేతిలో ఆకు కిందపడింది. "అలామాక్! నాను బొట్లెట్టినాను కదే. గంధం బాగుండాలని సిక్కగా తీసినాను. సరీగ్గా నోటి కాడెట్టినాను."

అప్పుడర్థమైంది. పైకి కనబడిన కుంకుమ నాయన తుడిచేసి ఉంటాడు. గొట్టం ముందువైపు గాలి బయటికొచ్చే నోటి సందులోకి దిగిన గంధం ఎండి గట్టిపడింది. గాలి పోయే దారి లేక పిల్ల గొట్టాలు మూగబోయాయి. నాకు నవ్వొచ్చింది. అమ్మ మాత్రం కళ్ళొత్తుకుంది.

సాయంత్రం యీషున్‌లో ఉండే తమ్ముడికి ఫోను చేశాను. "అక్కా, సింపుల్ లా. మిస్ ఓంగ్‌కి నిజం చెప్పేయ్. ప్రొఫెషనల్‌ని పిలుచుకుంటారు. నాయనకి వై సో స్ట్రెస్?" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. కాని బయటనుంచి వచ్చే ప్రొఫెషనల్ మొదట చేసే పని వెదురు వరుస పీకి పక్కన పెట్టడం. అది లేని ఆర్గన్ ఉంటే ఎంత, పోతే ఎంత? ఒక సాయంత్రం ఆఫీసు నుంచి హాలుకి వెళ్ళి ఫోనులో శ్రుతి చూపించే యాప్ కూడా పెట్టి చూశాను. గాలి మోటారు హోరుకి దాని ముల్లు ఒక్కచోట నిలవలేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే, పైకి నేనెక్కడం. ఆ మాట నాయన నోటినుంచే రావాలి. రాకపోతే పోట్లాడైనా రప్పించాలనుకున్నాను.

మరుసటి ఆదివారం ఆ మాటలన్నీ కూడగట్టుకుని వెళ్ళాను. నాయన పైకి ఎక్కలేదు. ఫ్లాస్కులోంచి కోపి, అంటే ఇక్కడి కాఫీ, రెండు గ్లాసుల్లో పోసి, వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"పోయినవారం ఆ ఐదోది నువ్వు నొక్కలేదు" అన్నాడు.

నేను గ్లాసు కింద పెట్టాను.

"గొట్టం కింద పెట్టెకి సిన్న సిల్లుంటాది. మీట నొక్కితే అందులోంచి ఉఫ్ మని కొంచెం గాలొస్తాది. నా ఏలెప్పుడూ దాని మీదే ఉంటాది. ముందు నాలుగిటికీ వొచ్చింది. ఐదోదానికి రాలేదు."

"మరి బాగుందన్నావేంటి నాయనా?"

"ఎందుకు నొక్కలేదో తెలిసిపోనాది కదా. ఇంకేటనమంటావు?"

క్షమించమని అడగాలనుకున్నాను. ఆయన అవకాశం ఇవ్వలేదు. చొక్కా జేబులోంచి సన్నని ఇత్తడి పుల్ల తీశాడు. పట్టీలు తట్టే పుల్ల అది. తాత చేతిది, కొస అరిగిపోయి ఉంటుంది. నా గ్లాసు పక్కన పెట్టాడు.

"మూడో మెట్టు కొంచెం ఊగతాది, సూసుకుని ఎక్కు" అని నన్ను పక్కకు జరగమన్నాడు. నేను లేచాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను కూర్చున్న చోటికి ఆయన జరిగి కూర్చున్నాడు.

పైగదిలో తలెత్తితే గొట్టాలు, తల దించితే తిత్తులు. నిలబడే పలక నిజంగానే ఇరుకు. మొదటి రోజు ముందుగా సూదితో గంధం గీకాను. నోటి సందు చెడకుండా ఒక్కోదానికి పావుగంట పట్టింది. ఆ తర్వాత వణుకు పట్టుకోవడం మొదలుపెట్టాను. కింద కూర్చుని వినడం వేరు, పక్కనే నిలబడి వినడం వేరు. చెవిలో సూది గుచ్చినట్టుంటుంది. ఏది వణుకో ఏది నా గుండెచప్పుడో తెలియలేదు. పట్టీ తడితే ఎక్కువ జరిగేది, వెనక్కి తడితే ఇంకా ఎక్కువ వెనక్కిపోయేది. మూడు గంటల్లో పదకొండు గొట్టాలు చేశాను, అందులో ఏడు తప్పు.

"సెయ్యి పక్కకి తీసి ఇను! నీ ఒంటి వేడికే గొట్టం గొంతు మారిపోతాది!" అని కింద నుంచి అరిచేవాడు. లావు గొట్టాల స్వరం ఆయనకు బాగానే వినిపిస్తుంది. బల్ల మీద అరచెయ్యి ఆనించి తప్పొప్పులు చెప్పేవాడు. సన్నవాటి దగ్గరకు వచ్చేసరికి "నువ్వే సెప్పాలి" అనేవాడు. మొదటిసారి ఆ మాట అనడానికి చాలాసేపు పట్టింది.

ఆఫీసులో ఉన్న సెలవులన్నీ తీసేశాను. దీపావళి ఆ నెలలోనే వచ్చింది. తలంటు పోసుకుని, అమ్మ చేసిన మురుకులు డబ్బాలో పోసుకుని ఇద్దరం హాలుకే వెళ్ళాం. ఆ రోజు అక్కడొక మనిషి తారసపడ్డాడు. పేరు నూకరాజు, టెక్కలి దగ్గర పల్లె. ఆ హాలు రిపేర్లు చేసే కాంట్రాక్టరు దగ్గర వడ్రంగి, వర్క్ పర్మిట్ మీద వచ్చి ఆరేళ్ళయిందట. పండగపూట కూడా హాలుకు కాపలా పడింది. నాయన నా మీద అరుస్తున్న తెలుగు విని వచ్చాడు.

"ఏటి అంకులూ, మా ఊరి మాటలాడతన్నారు?" అన్నాడు ఆశ్చర్యంగా.

"మీ ఊరి మాట కాదురా, మా తాతల మాట" అన్నాడు నాయన. ఇద్దరూ మురుకులు తింటూ గంటసేపు మాట్లాడుకున్నారు. నేను పలక మీదనుంచి జారబోవడం చూసిన నూకరాజు, వెళ్ళి ఇంకో పలక తెచ్చి దాని పక్కన బిగించాడు. తాత కాలం నుంచి ఒక్కరికే చోటున్న ఆ తావు అరగంటలో ఇద్దరికి సరిపోయేంత అయింది. నేను జాలీలోంచి కిందికి చూశాను. నాయన అటు తిరిగి కోపి పోసుకుంటున్నాడు.

నవంబరు రెండో వారానికి వణుకు నాకు దొరికింది. ఎలా దొరికిందో చెప్పలేను. ఒకరోజు ట్రైన్ తలుపులు మూసుకునే ముందు వచ్చే కూతలో కూడా వణుకు వినిపించింది, తట్టి సరిచెయ్యాలని చెయ్యి లేచింది. అరవై ఒక్క వెదురు గొట్టాలూ ఒకదాని తర్వాత ఒకటి కలిశాయి. మిగతా వరుసలూ అయ్యాయి. శుక్రవారం సాయంత్రం నాయన మీటలన్నీ ఈ చివర నుంచి ఆ చివరకు నొక్కుకుంటూ పోయాడు. ఎక్కడా వణకలేదు.

శనివారం ఒంటిగంటకు హాలుకి వెళ్ళాం. ఆర్గనిస్టు మూడింటికి వచ్చి చెయ్యి అలవాటు చేసుకుంటుంది. ఐదింటికి సినిమా. అమ్మ కూడా పట్టుచీర కట్టుకుని వచ్చింది. తలుపు తీయగానే చలి మొహాన కొట్టింది. గుమ్మంలో నూకరాజు ఉన్నాడు.

"ఏసీ పొద్దున్నే ఏసేసినారమ్మా. పెద్దోలొస్తన్నారని గట్టిగా పెట్టినారు" అన్నాడు.

నాయన మొహం మారిపోయింది. వెళ్ళి బల్ల ముందు కూర్చుని రెండు వేరే రకాల గొట్టాల వరుసలు కలిపి ఒక్క మీట నొక్కాడు. లావు స్వరమే, ఆయనకు వినపడేదే. రెండు గొట్టాలూ పోట్లాడుకుంటున్నట్టు హోరెత్తాయి. అమ్మ చెవులు మూసుకుంది.

సంగతి ఆయన నాలుగు మాటల్లో చెప్పాడు. గాలి చల్లబడితే మామూలు గొట్టాల గొంతు దిగుతుంది. లోపల ఇత్తడి నాలుక ఉండి, అది అదురుతూ పలికే గొట్టాలు మొండివి, అవి దిగవు. మేము నెలన్నరగా ఉక్కలో శ్రుతి చేశాం. డిపో నుంచి రిటైరయ్యాక ఆయన ఈ హాల్లో ఏసీ చూసింది లేదు. ఆ అలవాటులో ఆ ముక్కే మర్చిపోయాడు.

"మిస్ ఓంగ్‌ని ఏసీ ఆపమని అడుగుతాను" అన్నాను.

"సచ్చినా వొద్దు. రేపు జనమొస్తే ఏసీ ఏస్తారా ఎయ్యరా? ఏసీలో పాడలేనిదాన్ని ఎవడుంచుకుంటాడు? నాలుక గొట్టాలు రెండు వరసలు. ఒక్కో వరసకి అరవై ఒకటి. అయన్నీ దించు."

"రెండు గంటల్లో నూట ఇరవై రెండా?"

"మాటలాడితే అయి కూడా తగ్గిపోతాయి."

నిచ్చెన ఎక్కాను. నాలుక గొట్టాలకు పట్టీ ఉండదు, చిన్న తీగ ఉంటుంది. దాన్ని పైకి తడితే స్వరం దిగుతుంది. నాయన నొక్కుతున్నాడు, నేను తడుతున్నాను. లెక్క చూసుకోలేదు, గడియారం చూడలేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే నూకరాజు తన చేతి తొడుగులు పైకి విసిరాడు, తొడుక్కుంటే తీగ తెలియక తీసేశాను. ఒక వరుస అయ్యేసరికి కింద మిస్ ఓంగ్ గొంతు వినిపించింది.

"అంకుల్, ఎనీ ప్రాబ్లమ్?"

"నో ప్రాబ్లమ్. డాటర్ వర్కింగ్" అన్నాడు నాయన, మీట మీదనుంచి వేలు తియ్యకుండానే.

ఆఖరి గొట్టం తట్టేసరికి మూడూ పది. ఆర్గనిస్టు అప్పటికే కింద నిలబడి ఉంది. నెరిసిన జుట్టు, ఎత్తైన మనిషి, చేతిలో బూట్ల సంచి. నాయన లేచి ఆవిడకి బెంచీ ఇచ్చాడు. నేను కిందికి దిగలేదు. వాయించేటప్పుడు ఏ గొట్టమైనా ఇరుక్కుని ఆగకుండా పాడితే లోపలున్న మనిషే దాన్ని ఆపాలి.

అందుకని ఆ సినిమా నేను చూడలేదు. జాలీలోంచి తెల్లని వెలుతురు కదలడం కనిపించింది, అంతే. లోపలున్న నాకు ఆ ఇరవై నిమిషాలూ పిడుగుల మధ్య నిలబడినట్టుంది. డోలు మోగింది, కొబ్బరి చిప్పలు నా మోకాలి పక్కనే గుర్రంలా పరిగెత్తాయి, రిక్షా గంట కొట్టినప్పుడు కింద జనం ఒక్కసారిగా నవ్వారు. తర్వాత అన్నీ ఆగిపోయి వెదురు వరుస ఒక్కటే పాడింది. తెర మీద ఏం జరుగుతోందో తెలియదు, ఎవరో ఏడిచే ఘట్టమై ఉండాలి. గాలి పోతున్నంత మెత్తగా ఉంది ఆ గొంతు. తాతని నేనెప్పుడూ చూడలేదు. ఆ రెండు నిమిషాలు ఆయన పక్కనే ఉన్నట్టనిపించి ఏడ్చాను. చప్పుడు చేయలేదు, చేసినా ఎవరికీ వినపడదు.

సినిమా అయ్యాక కిందికి దిగేసరికి డైరెక్టర్లందరూ ఆర్గనిస్టు మొహంకేసే చూస్తున్నారు. ఆవిడ వాళ్ళను దాటుకుని నాయన దగ్గరకొచ్చి, ఆ మెత్తని వరుస ఏమిటని అడిగింది. వెదురని చెబితే నమ్మక, బూట్లు విప్పేసి నిచ్చెనెక్కి చూసొచ్చింది. చీర కొంగుకి దుమ్మంటకుండా పట్టుకుని అమ్మ కూడా నిచ్చెన కిందిదాకా వెళ్ళి, "గంధం లేదు, ఏటీ లేదు, సుబ్బరంగా ఉన్నాయి" అని ఆవిడకి తెలుగులోనే హామీ ఇచ్చింది.

పావుగంట తర్వాత మిస్ ఓంగ్ వచ్చి నాయన చెయ్యి పట్టుకుంది. గదులు అడగరట. ఆర్గన్ ఉంటుంది. చేతిలో ఒక ఫారం ఉంది, హాలు ఎప్పుడైనా తెరుచుకోవడానికి కార్డు ఇస్తారట, ఆర్గన్ చూసుకునే మనిషి పేరు రాయాలట.

"పుట్ మై డాటర్ నేమ్" అన్నాడు నాయన. "మీ, ప్రెస్ కీ ఓన్లీ."

మిస్ ఓంగ్ నవ్వి నా వైపు తిరిగింది. ఆయన సరదాకి అన్నాడనుకుంది. నాయన నవ్వలేదు. నేను పెన్ను తీసుకుని నా పేరు రాశాను.

అందరూ వెళ్ళిపోయారు. అమ్మ నూకరాజుకి మురుకుల డబ్బా అప్పగించి, వాళ్ళ ఊళ్ళో చింతకాయ పచ్చడి ఎలా పెడతారో అడుగుతోంది. నాయన మళ్ళీ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"పైవి ఎలాగ పాడినాయి?" అన్నాడు. "ఆ సిన్నవి. నాకవి ఇనపడలేదు."

అంత పెద్ద ఆర్గనిస్టు బాగుందంది. డైరెక్టర్లు చప్పట్లు కొట్టారు. నేనూ బాగుందంటే సరిపోయేది. ఆయన సంతోషంగా ఇంటికొచ్చి అన్నం తినేవాడు.

"ఆఖరి నుంచి ఆరోది వణికింది నాయనా. సినిమా అయ్యేదాకా వణుకుతూనే ఉంది" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత బెంచీని ముందుకు లాక్కుని, సరిగ్గా ఆ మీట మీదే వేలు పెట్టాడు.

"మరి కిందికెందుకు దిగినావు? ఎక్కు."